ఆరు నిమిషాల పది సెకన్లు

జూన్ 2, సోమవారం

మీటింగుల్లో నోరు మూసుకోమన్నారు. మూసుకున్నాను. కానీ నోరు మూసినంత మాత్రాన లోపలున్నది ఊరుకుంటుందా? ఇరవై ఆరేళ్ళుగా ఎడిటింగ్ గదిలో కూర్చుని అందరి మాటలూ కత్తిరించాను. నా మాటలు కత్తిరించే పని ఇంకొకరికి అప్పగించను. అందుకే ఈ నోట్‌బుక్. ఆఫీసు స్టోర్ రూంలోంచి తెచ్చుకున్నాను, ఎవరినీ అడక్కుండానే.

సంగతేమిటంటే, కొత్త చీఫ్ మా సీరియల్ షూటింగ్ రోజుల్ని సగానికి సగం తగ్గించేశాడు. ఈయనగారు మొన్నటిదాకా సబ్బుల కంపెనీలో ఉండి వచ్చాడు. షూటింగ్ సగమైనా రోజూ వచ్చే ఎపిసోడ్ మాత్రం ఇరవై రెండు నిమిషాలు ఉండి తీరాలట. మిగతాది ఆకాశం నుంచి ఊడిపడుతుందా అని అడిగాను. "మీరున్నారుగా మేడమ్, సాగదీయండి" అన్నాడు, అదేదో నాకిచ్చిన బిరుదైనట్టు. పక్కన మా రచయిత కాగితాలు సర్దుకుంటూ కూర్చున్నాడు. ఆయన్ని మేమంతా మలుపుగారు అంటాం, ప్రతి శుక్రవారం కథలో ఒక మలుపు పెడతాడని. ఒకప్పుడు నిజంగానే మలుపులుండేవి. ఇప్పుడు మా సీరియల్లో కోడలు ఒక తలుపు ముందు నిలబడి పదకొండు రోజులైంది. తలుపు వెనకాల చచ్చిపోయాడనుకున్న మొగుడున్నాడు. ఆ సంగతి చూసేవాళ్ళకి తెలుసు, సీరియల్లో పక్కింటివాళ్ళకి తెలుసు, బహుశా తలుపుకి కూడా తెలుసు. కోడలికే తెలియదు.

ఆ మాటే పైకి అన్నాను. ఇకమీదట మీ అభిప్రాయాలేమైనా ఉంటే రాసి ఇవ్వండి, మీటింగులో వద్దు అన్నాడు చీఫ్.

రాస్తున్నాను. ఇవ్వను.

జూన్ 3

తలుపు ఇవాళ కూడా తెరవలేదు.

జూన్ 5, గురువారం

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అత్తయ్య మా సీరియల్ చూస్తోంది, శబ్దం పూర్తిగా తీసేసి. ఒళ్ళో గళ్ళ నుడికట్టు. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో చెవులకి యంత్రం తగిలించుకుని పనిచేసిన మనిషి కదా, అనవసరమైన చప్పుడు ఒక్క క్షణం భరించదు. మాటలు వినకపోతే కథ ఎలా తెలుస్తుంది అత్తయ్యా అంటే, కథెక్కడుందే, ఆ పిల్ల చెవిపోగులు మారాయేమో చూస్తున్నా అంది. తలుపు దగ్గర నిలబడ్డది నిలబడ్డట్టే ఉండి ఇప్పటికి నాలుగు జతలు మార్చిందట. మా ఆఫీసులో ఇంతమందిమి ఉన్నాం, ఆ పొరపాటు ఒక్కరికీ కనబడలేదు. నాకూ కనబడలేదు.

ఒళ్ళు మండిపోయింది. అత్తయ్య మీద కాదు. ఒక మనిషి తల తిప్పితే ఆ తల తిప్పడాన్ని మూడుసార్లు చూపించి, మూడుసార్లూ ఉరుము వేయడం ఎవడు కనిపెట్టాడో గానీ వాడి చేతులు విరిగిపోను అని తిట్టాను. అత్తయ్య నుడికట్టులోంచి తలెత్తి నా వంక చూసింది. ఆ చూపు నాకేం నచ్చలేదు.

జూన్ 6

చెప్పేశారు. ఆదివారం ఉదయం పదిన్నరకి వచ్చే 'పనిచేసే చేతులు' ఇక ఉండదు. పద్నాలుగేళ్ళపాటు నేను కోసి కూర్చిన కార్యక్రమం. తాళాలు బాగుచేసేవాళ్ళు, బావులు తవ్వేవాళ్ళు, అద్దాలు కోసేవాళ్ళు. వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటుంటే కెమెరా పక్కన కూర్చుని చూసేది, అంతే. ఈ ఆదివారం పాత భాగం ఒకటి వేసి దండం పెట్టేస్తారట. పై వారం నుంచి ఆ సమయంలో మా సీరియల్ 'వారం సారాంశం'. ఆరు రోజులు సాగదీసింది చాలక ఏడో రోజు కూడా. అది కూర్చేదీ నేనే.

'చేతులు'లో ఒక భాగం షూటింగ్ అయిపోయి మిగిలిపోయింది. పేము కుర్చీలు అల్లే ఒక పెద్దావిడ. నాలుగు గంటల ఫుటేజీ, ఇంకా ముట్టుకోలేదు. సర్వర్లో చోటు చాలదని మా దగ్గర ప్రతి నెలా ఆఖరి రోజున వాడని ఫుటేజీ అంతా చెరిపేస్తారు. అంటే ఈ ముప్పయ్యో తేదీన. ఆ షూటింగ్‌కి నేనూ వెళ్ళాను. తప్పకుండా వేస్తామని ఆవిడకి మాటిచ్చి, నా ఫోన్ నంబరు కూడా ఇచ్చి వచ్చాను. చీఫ్ దగ్గరికి వెళ్ళి ఈ ఒక్కటీ వేసి ఆపండి అని అడిగాను. కుర్చీలా, అని నవ్వాడు.

జూన్ 9, సోమవారం

కుర్చీలావిడ ఫోన్ చేసింది. నిన్న వీధిలోవాళ్ళందర్నీ తన గదిలో కూర్చోబెట్టుకుందట. కూర్చోబెట్టడానికి కొదవేముంది, గదినిండా కుర్చీలే. తీరా చూస్తే టీవీలో తాళాలాయన వచ్చాడు. తాళాలాయన కూడా బాగానే చేశాడమ్మా అంది. కోపంగా ఏమీ అనలేదు. పై ఆదివారమా అని మాత్రం అడిగింది.

అవునన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. నీళ్ళు నమిలి ఊరుకున్నా సరిపోయేది.

జూన్ 10

మధ్యాహ్నం భోజనాల వేళ తలుపేసుకుని ఆవిడ ఫుటేజీ చూశాను. పాత పేము ఊడబీకి, చట్రంలో బెజ్జాలన్నీ ఒక మేకుతో శుభ్రం చేస్తుంది. కొత్త పేము తొట్టిలో నానబెడుతుంది. ముందు నిలువు, తర్వాత అడ్డం, తర్వాత ఐమూలగా. జారకుండా బెజ్జాల్లో బిగించే చెక్క మేకులు రెండు నోట్లో పెట్టుకుని ఉంటుంది కాబట్టి మాట్లాడదు. నాలుగు నిమిషాలు ఒక్క మాట లేదు. నేను కుర్చీలోంచి కదల్లేదు. గట్టిగా లాగుతారేమో అనుకున్నా, వదులుగానే అల్లుతోంది. ఎందుకలా అని మా కెమెరామన్ అడిగితే, మేకులు తీసి చేతిలో పెట్టుకుని, తడి ఆరాక అదే బిగుసుకుంటుంది నాయనా, ఇప్పుడే బిగిస్తే రేపు తెగుతుంది అని చెప్పింది.

మూడో గంటలో ఎవరికైనా నేర్పారా అని అడిగాడాయన. నా కూతురికి, అంది. ఆ తర్వాత చేతులు ఆగిపోయాయి. ఏడ్చింది. కూతురు తనతో మాట్లాడటం మానేసి ఆరేళ్ళయిందట. భుజంతో మొహం తుడుచుకుని కెమెరా వెనకాల ఉన్న నా వైపు చూసి, "ఇది వెయ్యకండమ్మా. కుర్చీ వెయ్యండి" అంది.

"వెయ్యం" అన్న గొంతు నాదే. ఫుటేజీలో స్పష్టంగా వినిపిస్తోంది.

ఆ చోటు రెండుసార్లు చూశాను. ఎడిటర్ని, చూడాలి కదా.

జూన్ 12, గురువారం

చేతులు విరిగిపోను అన్న తిట్టు గురించి ఇవాళ తేలింది. మళ్ళీ అదే తిట్టు తిడుతుంటే అత్తయ్య పెన్సిలు పక్కన పెట్టింది. "నిన్ను నువ్వే తిట్టుకుంటుంటే వినలేకపోతున్నానే అమ్మాయ్. మొదట చేసింది నువ్వే కదా" అంది.

కాదని వాదించాను. ఎప్పుడు, ఎక్కడ అని దబాయించాను. ఆవిడ తేదీతో సహా చెప్పింది. ఎక్స్‌ఛేంజ్ బుర్ర, ఒక్కసారి విన్నది పోదు.

తొమ్మిదేళ్ళ కిందట. ఆ రోజు చివరి నిమిషంలో ఒక ప్రకటన రద్దయింది. అది ఉందనే లెక్కతో నేను కోసేశాను. ప్రసారానికి ఇరవై నిమిషాల ముందు చూసుకుంటే ఎపిసోడ్ నలభై సెకన్లు తక్కువ. తల ప్రాణం తోకకొచ్చింది. సీరియల్లో అత్తగారు తల తిప్పే షాటు ఒకటి ఉంటే, దాన్నే మూడుసార్లు అతికించాను, ఒక్కోసారి ఇంకొంచెం దగ్గరగా. మధ్యలో ఖాళీగా ఉండకూడదని వాన సీనులోంచి ఉరుము తెచ్చి వేశాను. అంతే, పొరపాటు కప్పిపుచ్చుకోవడానికి. ఆ వారం రేటింగ్ ఎగిరి కూర్చుంది. అప్పటి చీఫ్ నాకు మిఠాయి డబ్బా పంపాడు. నెల తిరక్కుండానే అన్ని చానళ్ళలోనూ తలలు మూడుసార్లు తిరగడం మొదలుపెట్టాయి. ఇంటికొచ్చి నవ్వుతూ ఈ కథంతా నేనే చెప్పానట, మా ఆయనకి, అత్తయ్యకి, మిఠాయి పంచిపెడుతూ.

నిజమే. చెప్పాను. కాజూ మిఠాయి కూడా గుర్తొచ్చింది.

అయితే ఏం? నేను చేసింది ఒక్క రోజు, గతిలేక. వీళ్ళు రోజూ చేస్తున్నారు. రెండూ ఒకటెలా అవుతాయి?

జూన్ 13

వీళ్ళు అని రాశాను నిన్న. రోజూ చేస్తున్నదీ నేనే కదా.

జూన్ 15, ఆదివారం

మొదటి 'వారం సారాంశం' వచ్చింది. బుద్ధిగా ఇరవై రెండు నిమిషాలు కూర్చి ఇచ్చాను. అత్తయ్య చూడలేదు, గుడ్డలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్ళిపోయింది. నేనూ ఆవిడ వెనకాలే వెళ్ళాను.

జూన్ 16

ఫోన్. వీధి వీధంతా మళ్ళీ కూర్చుందట. "ఎవరో అమ్మాయి తలుపు దగ్గర నిలబడి ఉంది తల్లీ. ఆ తలుపు తీస్తే లోపల నేనుంటానేమో అని చివరిదాకా చూశాం" అంది కుర్చీలావిడ.

పొట్ట పట్టుకుని నవ్వాను. ఫోన్ పెట్టేశాక నవ్వు ఎంత త్వరగా పోయిందంటే సిగ్గేసింది. ఈ చానల్లో పద్నాలుగేళ్ళు ఒక మంచి పని చేశానని లోపల్లోపల గర్వంగా ఉండేది. ఆ గర్వానికి మిగిలింది ఆ ఒక్క కుర్చీ. ముప్పయ్యో తేదీలోపు అది జనం కంట పడాలి. పడకపోతే నేను చేసింది తొమ్మిదేళ్ళ కిందటి ఆ ఉరుమొక్కటే అవుతుంది.

జూన్ 18, బుధవారం

చీఫ్ పంపిన నోటీసు మళ్ళీ తీసి చదివాను. 'వారంలో జరిగిన కథ సారాంశాన్ని ఎడిటర్ కూర్చవలెను. మొత్తం నిడివి ఇరవై రెండు నిమిషాలు.' సరే. సారాంశం అంటే సారం. మరి సారం ఎంతుందో కొలుద్దాం అనిపించింది.

గత వారం ఆరు ఎపిసోడ్లు తీశాను. నూట ముప్పై రెండు నిమిషాలు. మూడుసార్లు తిరిగిన తలలు ఒక్కసారికి తెచ్చాను. నిన్న జరిగిందాన్నే ఇవాళ గుర్తుచేసుకునే సీన్లు తీసేశాను. కోడలు తలుపు వంక చూడటం, తలుపు కోడలి వంక చూడటం, తీసేశాను. నిజంగా కొత్తగా ఏదైనా జరిగిన చోటు, ఎవరైనా కొత్త మాట అన్న చోటు మాత్రం ఉంచాను. ఎంత వచ్చిందో రెండుసార్లు లెక్కచూశాను.

ఆరు నిమిషాల పది సెకన్లు.

ఈ వారంది కూడా అటూ ఇటూగా అంతే వస్తుంది, మలుపుగారు రాసిన కాగితాలు చూశాను. అంటే ఇరవై రెండులో పదిహేను నిమిషాల యాభై సెకన్లు ఖాళీ. ఖాళీ నింపమనే కదా నాకు జీతమిస్తున్నది.

జూన్ 20, శుక్రవారం

కోశాను. ఈ వారం సారం కూడా వడగట్టి తీస్తే సరిగ్గా ఆరు పదికే వచ్చింది. దాని వెనకాల కుర్చీ. నానబెట్టడం దగ్గర మొదలుపెట్టి, అల్లిక పూర్తయ్యాక ఆవిడ దానిమీద తనే కూర్చుని చూసుకోవడంతో ముగించాను. ఏడుపు లేదు. సంగీతం లేదు. ఒక్క షాటూ రెండోసారి రాలేదు.

మా సౌండాయన వచ్చి చూశాడు. నాకంటే ఆరేళ్ళు పెద్ద, పై ఏడాది రిటైరవుతాడు. దీన్ని చీఫ్ చూశాడా అని అడిగాడు. మన చానల్లో వచ్చేవి చీఫ్ ఎప్పుడు చూశాడు అన్నాను. కాసేపు బుర్ర గోక్కున్నాడు. ఉద్యోగం పోతుంది చెల్లెమ్మా అన్నాడు. పోతే పోనీ అన్నాను. వెళ్ళిపోతాడనుకుంటే కుర్చీ లాక్కుని కూర్చుని, పేము బెజ్జంలోంచి దూరేటప్పుడు వచ్చే చిన్న కిర్రు చప్పుడు పైకి తేవడానికి మధ్యాహ్నమంతా కష్టపడ్డాడు.

జూన్ 21

పరీక్ష గదికి పంపాను. మా దగ్గర పరీక్ష అంటే మూడే: నిడివి సరిపోయిందా, శబ్దం సరిపోయిందా, మధ్యలో తెర నల్లబడిందా. లోపల ఏముందో చూడటం ఎవరి పనీ కాదు. పావుగంటలో ముద్ర పడి వచ్చేసింది. ఇన్నేళ్ళుగా ఆ గదిని తిట్టిపోశాను. ఇవాళ ముద్దొచ్చింది.

జూన్ 22, ఆదివారం

పదిన్నరకి అత్తయ్య, ఆయన, నేను. ఆయనకి గూడ్స్ రైలు డ్యూటీ, తెల్లవారుజామున వచ్చి పడుకున్న మనిషిని లేపి కూర్చోబెట్టాను. మొదటి ఆరు నిమిషాలూ అత్తయ్య మామూలుగా శబ్దం తీసేసి చూసింది. వారంలో ఇంత జరిగిందా, నాకు తెలియనేలేదే అంది. తర్వాత తొట్టిలో నానుతున్న పేము వచ్చింది. ఆవిడ చేతులు వచ్చాయి. అత్తయ్య రిమోట్ వెతుక్కుంది. శబ్దం పెంచింది. ఇంకా పెంచింది. కిర్రు, కిర్రు అని గదంతా వినబడుతోంది. పెన్సిలు కింద పడితే తీసుకోలేదు.

అయిపోయాక ఆయన మళ్ళీ వెళ్ళి పడుకున్నాడు, కానీ నా భుజం మీద చెయ్యేసి వెళ్ళాడు.

నేను చేశాను. రేపు ఏమైనా కానీ.

జూన్ 23

కుర్చీలావిడ ఫోన్లో నవ్వుతూనే ఉంది. నేను ఇంత ముసలిదాన్నయిపోయానని ఎవరూ చెప్పలేదేంటమ్మా అంది. ముందు వచ్చిన ఏడుపు పిల్ల ఏదో ప్రకటన అనుకున్నారట. చివర్లో, ఆ ముక్క వెయ్యనందుకు చాలా సంతోషం తల్లీ అని మెల్లగా అంది.

ఆఫీసులో ఎవ్వరూ ఏమీ అనలేదు. ఎవ్వరూ చూడలేదన్నమాట.

జూన్ 26, గురువారం

రేటింగులొచ్చాయి. గీత ఇటు నుంచి అటు కదల్లేదు. కానీ ఆఫీసుకి నలభై ఒక్క ఫోన్లు వచ్చాయట, ఆ కుర్చీలావిడ ఎక్కడుంటుందని. మా చానల్‌కి తిట్లు తప్ప ఫోన్లు వచ్చి ఎన్నేళ్ళయిందో. అప్పుడు చీఫ్‌కి సంగతి తెలిసి, నన్ను పిలిచాడు. ఉద్యోగం పోయిందనుకుని, చెప్పాల్సినవన్నీ మెట్ల మీదే కూడబలుక్కుని వెళ్ళాను.

తిట్టలేదు. కూర్చోమని కుర్చీ చూపించాడు. టీ తెప్పించాడు. అక్కడే నాకు భయం పట్టుకుంది. నాలుగు గంటల ఫుటేజీ మొత్తం అసిస్టెంట్‌తో చూపించుకున్నాడట.

"ఆ ఏడుపు ఎందుకు దాచారు మేడమ్? ప్రాణమంతా అక్కడే ఉంది కదా" అన్నాడు. ఐదు ఆదివారాలు వేద్దామన్నాడు. పేరు కూడా ఆలోచించాడు, 'కన్నీటి కుర్చీ'. మొదటి వారం ఏడుపు సగంలో ఆపాలి. ఐదో వారం పూర్తిగా చూపించాలి. మధ్యలో కూతుర్ని వెతుకుతున్నట్టు. నేనొక్కదాన్నే చేయగలనన్నాడు. చేస్తే 'పనిచేసే చేతులు' నాకు తిరిగి ఇచ్చేస్తాడట, ఏడాదంతా.

ఆవిడ వద్దంది, నేను వెయ్యనని మాటిచ్చాను అన్నాను. ఆవిడ సంతకం పెట్టిన కాగితం మన దగ్గరుంది కదా అన్నాడు. ఫుటేజీ ముప్పయ్యో తేదీన చెరిపెయ్యకుండా సర్వర్ వాళ్ళకి తనే నోట్ రాశాడట.

ఆలోచించి చెప్తానన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

జూన్ 27

ఏడాదంతా. యాభై రెండు ఆదివారాలు.

జూన్ 28, శనివారం

చెరిపేశాను. ఉదయం పదకొండింటికి, తలుపు తీసే ఉంచి. నాలుగు గంటలూ. యంత్రం రెండుసార్లు అడిగింది, నిజంగానేనా అని. రెండుసార్లూ అవుననే కొట్టాను. ఆదివారం వచ్చిన పదిహేను నిమిషాల యాభై సెకన్లు మాత్రం ఉంటాయి. వాటిలో సాగదీయడానికి ఏమీ లేదు, నేను కోశాను కాబట్టి నాకు తెలుసు.

జూలై 1, మంగళవారం

మీటింగులో చీఫ్ అందరి ముందూ అడిగాడు, ఫుటేజీ ఏమైందని. సౌండాయన లేచి నిలబడ్డాడు, పిచ్చిమనిషి, తప్పు తన నెత్తిన వేసుకుందామని. ఆయన నోరు తెరిచేలోపే నేనే చెరిపానన్నాను. చానల్ ఆస్తిని ధ్వంసం చేశారు, తెలుసా అన్నాడు చీఫ్. తెలుసన్నాను. ఎందుకు చేశారన్నాడు.

"ఆ పని అయిపోయింది సర్. ఇక్కడ ఏదైనా అయిపోవడం మీరు చూసి ఎన్నాళ్ళయింది?" అన్నాను.

మలుపుగారు తల వంచుకుని నవ్వడం చూశాను. చీఫ్ కూడా చూశాడు. విచారణ పూర్తయ్యేదాకా ఆఫీసుకి రావద్దని కాగితం చేతిలో పెట్టారు. తీసుకుని, నా కప్పు, నా కళ్ళజోడు పెట్టె సర్దుకుని, గేటు దాకా నడిచేటప్పుడు ఒక్కసారి కూడా తల దించలేదు. ఇరవై ఆరేళ్ళలో అంత తిన్నగా ఎప్పుడూ నడవలేదు.

ఇంటికొచ్చి చెప్తే అత్తయ్య కంగారు పడలేదు. మంచి పని చేశావు అంది. కాపీ ఒకటైనా ఉంచుకున్నావా అని అడిగింది. లేదన్నాను. అదేంటే, ఒక్కటి దాచుకుంటే ఏం పోయేది, రేపు రోజులు మారితే మంచి కార్యక్రమం చేసుకునేదానివి కదా అంది. మాట ఇచ్చాను కదా అత్తయ్యా అన్నాను. 

అది ఆవిడకి చెప్పిన జవాబు. నిజమే, కానీ మొత్తం కాదు. శనివారం చెరిపే ముందు ఆ ఏడుపు దగ్గరికి ఇంకోసారి వెళ్ళాను. చూద్దామనే. చూస్తూ ఉండగానే నా వేళ్ళు మీటల మీదికి పోయి, ఎక్కడ మొదలవ్వాలో ఎక్కడ తెగాలో గుర్తులు పెట్టేశాయి. ఆవిడ చేతులు ఆగడం, భుజం లేవడం, నా వైపు చూడటం. సరిగ్గా మూడు ముక్కలు. సంగీతం ఎక్కడ రావాలో కూడా తెలిసిపోయింది. చాలా బాగా వస్తుంది. నా అంత బాగా ఇంకెవరూ చేయలేరు, చీఫ్ ఆ ఒక్క మాటా అబద్ధం చెప్పలేదు. కాపీ ఉంటే ఏదో ఒక రోజు, ఏదో ఒక మంచి కారణం చెప్పుకుని, నేనే తీసి కూర్చేస్తాను. అందుకే ఉంచుకోలేదు. విచారణలో అడిగినా ఇదే చెప్తాను.